విమానంలో మొదటి తరగతి: పేరు ఒకటి, సౌఖ్యం అనేకం

మన పెద్దలకు 'ఫస్టు క్లాసు' అనే మాట రైలు ద్వారా తెలిసినది. రైలులో మొదటి తరగతి అనగా ఒక ప్రత్యేకమైన పెట్టె. దాని తలుపు వేరు, దాని పడకలు వేరు, దానిలోని మనుషుల సంఖ్య వేరు. టిక్కెట్టు కొన్నవానికి తాను ఏమి పొందబోతున్నాడో ముందుగానే తెలుస్తుంది. ఆ అలవాటుతోనే మనం విమానపు టిక్కెట్టును కూడ చూస్తాము. ముందు తరగతి కొన్నాము కనుక ఇక చింత లేదనుకొంటాము. ఈ నమ్మకం ఎంతవరకు సరియైనదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను తెలుగు బోధించేవాడిని. విమానశాస్త్రం నా విషయం కాదు. అయినా ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకోవలసిన అవసరం నాకు ఒక సందర్భంలో కలిగినది. మా అబ్బాజాన్‌కు మోకాలి శస్త్రచికిత్స జరిగిన తర్వాత చాలాకాలం కాలు పూర్తిగా ముడుచుకొనేది కాదు. ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న మా భాయీజాన్ తన కుమార్తె నికాహ్‌కు తాతగారు తప్పక రావాలని పట్టుబట్టారు. రైలులో ఒక పగలూ ఒక రాత్రీ ఆయన కూర్చోలేరని తలచి, అన్నదమ్ములం ముగ్గురం తలా కొంత వేసుకొని విమానంలో ముందు తరగతి టిక్కెట్టు కొన్నాము. తీరా ప్రయాణం నాటి ఉదయం విమానం మారినదని చెప్పారు. మారి వచ్చిన విమానంలో ముందు తరగతి అనేదే లేదు. రెండుంపావు గంటలసేపు ఆయన కాలును నడవలోకి చాపి, ఫలహారాల బండి వచ్చినప్పుడల్లా రెండు చేతులతో కాలిని పట్టి లోపలికి తీసుకొంటూ కూర్చున్నారు. ఢిల్లీలో దిగిన తర్వాత ఆయన అన్నది ఒక్కటే మాట: "పైసలు పోతే పోయినయ్ బేటా, కాలు చాపుకోనీకి జాగ లేకపాయె."

ఆ సంస్థ ఏదో ఇక్కడ అప్రస్తుతం. నన్ను బాధించినది మా అజ్ఞానమే. టిక్కెట్టు కొనేటప్పుడు మేము తరగతి అడిగాము, వెల అడిగాము, వేళ అడిగాము. అది ఏ రకపు విమానమని, అందులో ఎన్ని రకాల సీట్లు ఉంటాయని, చదువుకొన్నవాళ్ళం ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు.

పేర్ల చిక్కు

విమానపు ముందు గదికి దేశానికొక పేరు, సంస్థకొక పేరు ఉన్నవి. అమెరికాలో దేశం లోపల తిరిగే విమానాలలో ముందు గదిని 'ఫస్ట్ క్లాస్' అనే పిలుస్తారు. దాదాపు అదే రకపు కుర్చీకి మన దేశంలో 'బిజినెస్ క్లాస్' అని పేరు. పూర్వం ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ దానిని 'ఎగ్జిక్యూటివ్ క్లాస్' అన్నది. 2012లో ఆగిపోయిన కింగ్‌ఫిషర్ సంస్థ తన దేశీయ విమానాలలో అటువంటి గదికే 'ఫస్ట్' అని పేరు పెట్టుకొన్నది. చిరకాలం ఒకే తరగతితో నడిచిన ఇండిగో సంస్థ 2024 నవంబరులో ఢిల్లీ, ముంబాయి నగరాల మధ్య 'స్ట్రెచ్' అనే పేరుతో ముందు గదిని ప్రారంభించినది. ఐరోపాలోని సంస్థలు కొన్ని మరొక పద్ధతి పాటిస్తాయి. అక్కడ దగ్గరి ప్రయాణాలలో 'బిజినెస్' అంటే వెనుక ఉన్న మూడు సీట్ల వరుసే. నడిమి సీటును ఖాళీగా ఉంచుతారు, భోజనం పెడతారు, అంతే.

కనుక పేరును బట్టి సీటును ఊహించడం పొరపాటు. మరి దేనిని బట్టి ఊహించాలి?

'సుఖం' అనే మాటకు కొందరు పండితులు ఒక చక్కని వ్యుత్పత్తి చెబుతారు. 'సు' అనగా మంచి, 'ఖ' అనగా రంధ్రం. బండి చక్రంలో ఇరుసు దూరే రంధ్రం సరిగా కుదిరితే ఆ ప్రయాణం సుఖం, కుదరకపోతే దుఃఖం. ఈ వ్యుత్పత్తిని అందరూ అంగీకరించకపోవచ్చును గాని, మన విషయానికి మాత్రం ఇది చక్కగా అతుకుతుంది. బండికి పెట్టిన పేరు ఏదైనా, ప్రయాణపు సుఖం బండి కట్టుబడిలో ఉన్నది.

మూడు కొలతలు

సీటు సౌఖ్యాన్ని ముఖ్యంగా మూడు కొలతలతో చెబుతారు.

మొదటిది వరుసకూ వరుసకూ నడుమ ఉండే దూరం. దీనిని 'పిచ్' అంటారు. ఒక సీటుపై ఏదైనా ఒక బిందువు నుండి దాని ముందు సీటుపై అదే బిందువు వరకు ఉన్న దూరమే పిచ్. మన దేశీయ విమానాల సాధారణ తరగతిలో ఇది సుమారు 28 నుండి 31 అంగుళాలు. ముందు తరగతిలో 38 నుండి 40 అంగుళాలు. పిచ్ అంతా కాలు చాపుకొనే చోటు కాదని గుర్తుంచుకోవాలి. అందులో సీటు వీపు మందం కూడ కలిసి ఉంటుంది. కావున ఒకే పిచ్ ఉన్న రెండు విమానాలలో, పలుచని వీపు ఉన్న సీటు వెనుక కూర్చున్నవాని మోకాలికి ఎక్కువ చోటు దొరుకుతుంది. కాని ఆ పలుచని వీపుకే ఆనుకొన్నవాని నడుముకు మెత్తదనం తగ్గుతుంది.

రెండవది సీటు వెడల్పు. మూడవది వీపు ఎంతవరకు వెనుకకు వాలుతుందన్నది. ఈ మూడింటిలో సీటు వెడల్పునకు పైహద్దు పెట్టేది విమానపు దేహం. పిచ్, వాలు అనేవి సంస్థ ఇష్టం. వరుసలు తగ్గించి దూరం పెంచవచ్చును. దేహాన్ని మాత్రం వెడల్పు చేయలేరు. అందుచేత విమానాలను పోల్చదలచినవారు ముందుగా దేహపు వెడల్పునే చూడాలి.

ఒకే నడవ ఉన్న విమానాలు

మన దేశీయ మార్గాలలో అత్యధికంగా తిరిగేవి ఒకే నడవ ఉన్న విమానాలు. వాటిలో రెండు కుటుంబాలు ప్రధానమైనవి. ఒకటి బోయింగ్ 737, మరొకటి ఎయిర్‌బస్ ఎ-320.

బోయింగ్ 737 మొదటిసారి ఎగిరినది 1967లో. దాని దేహపు వెడల్పు అంతకంటే పాతది. 1958లో ప్రయాణికుల సేవలోకి వచ్చిన బోయింగ్ 707 విమానపు దేహపు పై భాగం ఎంత వెడల్పో, ఖర్చు కలిసివచ్చేందుకు 737కు కూడ అంతే వెడల్పు ఉంచారు. నేటి కొత్త 737లు సైతం ఆ కొలతనే మోస్తున్నవి. లోపల సుమారు 3.54 మీటర్లు. ఎ-320 మొదటిసారి 1987లో ఎగిరినది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ దానిని 1989లో తెచ్చినది. దాని లోపలి వెడల్పు సుమారు 3.70 మీటర్లు. రెండింటికీ భేదం 16 సెంటీమీటర్లు, అనగా ఒక జానెడు కూడ లేదు.

ఈ జానెడు ఎవరికి దక్కుతుంది? వెనుక తరగతిలో నడవకు అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు సీట్లు ఉంటాయి. అక్కడ 737లో సీటు వెడల్పు సుమారు 17 అంగుళాలు, ఎ-320లో సుమారు 18. భుజం భుజం రాసుకొనే చోట ఆ ఒక్క అంగుళం తెలుస్తుంది. ముందు తరగతిలో అటు రెండు, ఇటు రెండు, నాలుగే సీట్లు. రెండు విమానాలలోనూ ఆ సీటు వెడల్పు 20 అంగుళాలు దాటే ఉంటుంది. అక్కడ ఇంకొక అంగుళం కలిసినా, తగ్గినా మనిషి గమనించడు. దీని నుండి విచిత్రమైన విషయం ఒకటి తేలుతున్నది. ఈ రెండు విమానాల భేదం ముందు కూర్చున్న ధనికునికి అంతగా పట్టదు, వెనుక కూర్చున్న సామాన్యునికే ఎక్కువగా పడుతుంది. విమానం రకం అడగవలసిన అవసరం ఖరీదైన టిక్కెట్టు కొన్నవానికి మాత్రమే ఉన్నదనుకోవడం సరికాదు.

ఒకే నడవ విమానంలో ముందు సీటు ఎంత బాగున్నా సాధారణంగా అది కుర్చీయే. ఎయిర్ ఇండియా తన ఎ-320 నియో విమానాలను మూడు తరగతులుగా అమర్చినప్పుడు ముందు 8, నడుమ 24, వెనుక 132 సీట్లు పెట్టినది. ముందు సీట్ల పిచ్ 40 అంగుళాలు. ఇండిగో స్ట్రెచ్‌లో 12 సీట్లు, పిచ్ 38 అంగుళాలు. రెండింటిలోనూ వీపు కొన్ని అంగుళాలు వాలుతుంది గాని పడక కాదు.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చును. నాలుగేసి సీట్ల వరుసలు రెండు, ఒక్కొక్కటి 40 అంగుళాలు. అనగా 8 మందికి 80 అంగుళాల పొడవు. అదే పొడవులో 30 అంగుళాల చొప్పున సాధారణ వరుసలు రెండున్నరకు పైగా పడతాయి. వరుసకు ఆరుగురు చొప్పున సుమారు 16 మంది. అంటే ముందు కూర్చున్న ఒక్కొక్కరు వెనుకనున్న ఇద్దరి నేలను వాడుకొంటున్నారు. కనుక ముందు టిక్కెట్టు వెల వెనుక టిక్కెట్టుకు రెండింతలు ఉంటే అది నేలకు ఇచ్చిన అద్దె. మూడింతలు, నాలుగింతలు ఉన్నప్పుడు ఆ పై సొమ్ము దేనికి ఇస్తున్నామో ఆలోచించుకోవాలి. కొంత భోజనానికి, కొంత అదనపు సామానుకు, కొంత టిక్కెట్టును మార్చుకొనే వెసులుబాటుకు. మిగిలినది గౌరవానికి. గౌరవం కొనుక్కోవడం తప్పని నేను అనను. కాని దానిని మోకాలికి చోటు అనుకొని కొనరాదు.

చిన్న విమానాలు

చిన్న పట్టణాలకు తిరిగే విమానాల సంగతి వేరు. హైదరాబాదు నుండి కడప వంటి చోట్లకు ఎ.టి.ఆర్. 72 విమానాలు నడిచాయి. ఇది పంఖాలతో ఎగిరేది. లోపలి వెడల్పు సుమారు 2.57 మీటర్లు. నడవకు అటు రెండు, ఇటు రెండు సీట్లు. సాధారణంగా ఒకటే తరగతి.

ఈ విమానంలో 'ముందు' అనే మాటకే విలువ తారుమారవుతుంది. ప్రయాణికులు ఎక్కే తలుపు వెనుక ఉంటుంది. ముందు భాగంలో సామాను గది ఉంటుంది. తిరిగే పంఖాల మోత ముందు వరుసలకే దగ్గర. కావున ఇందులో వెనుక కూర్చున్నవాడే నెమ్మదిగా కూర్చుంటాడు, ముందుగా దిగుతాడు. మరొక విషయం వృద్ధులను తీసుకొనిపోయేవారు గమనించాలి. ఎ.టి.ఆర్.కు సాధారణంగా ఏరోబ్రిడ్జి తగిలించరు. నేల మీదికి వచ్చి మెట్లు ఎక్కాలి. మోకాలు నొప్పి ఉన్నవానికి ఆ నాలుగు మెట్లు సీటు పిచ్ కంటే పెద్ద సమస్య.

అమెరికాలో చిన్న జెట్ విమానాలలో సైతం 'ఫస్ట్ క్లాస్' ఉన్నది. ఎంబ్రేయర్ 175 అనే విమానం లోపలి వెడల్పు సుమారు 2.74 మీటర్లు. వెనుక రెండు, రెండు చొప్పున సీట్లు ఉంటే, ముందు ఒక వైపు ఒకటి, మరొక వైపు రెండు ఉంటాయి. ఒంటరి ప్రయాణికునికి ఆ ఒక్క సీటు ఎంతో హాయి. పక్కవానిని లేపకుండ లేవవచ్చును, కిటికీ కూడ తనదే. పెద్ద 737లో ముందు తరగతికి లేని సదుపాయం ఈ చిన్న విమానంలో ఉన్నది. అయితే అదే అమరిక ఉన్న సి.ఆర్.జె. 900 విమానపు దేహం ఇంకా సన్నన, సుమారు 2.55 మీటర్లే. అందులో పై అరలు చిన్నవి కావడం వలన చక్రాల పెట్టెను విమానం తలుపు వద్దనే అప్పగించవలసి వస్తుంది. ఉన్నత విద్యకై అమెరికా వెళ్లే మన విద్యార్థులు అక్కడ దిగిన తర్వాత చిన్న ఊరికి వెళ్లే రెండవ విమానం ఎక్కినప్పుడు ఈ తేడా ఎదుర్కొంటారు. సర్టిఫికెట్లు, మందులు ఆ పెట్టెలో కాక చేతి సంచిలో ఉంచుకోవడం మంచిది.

రెండు నడవల విమానాలు

రెండు నడవలు ఉన్న పెద్ద విమానాలు మన దేశీయ మార్గాలలో అరుదు. అయినా వాటి చరిత్ర ఉన్నది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976లో ఎయిర్‌బస్ ఎ-300ను ప్రవేశపెట్టినది. 2012లో ఎయిర్ ఇండియా తన మొదటి బోయింగ్ 787లను కొంతకాలం దేశీయ మార్గాలలో నడిపినది. 787-8లో ముందు 18 సీట్లు. అవి పూర్తిగా పరుచుకొని పడకలవుతాయి. 2024 జనవరిలో అదే సంస్థ కొత్తగా వచ్చిన ఎ-350ని బెంగుళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాదు, ముంబాయి నగరాల నడుమ దేశీయ సేవలో పెట్టినది. సిబ్బందికి అలవాటు కావడం దీని ఉద్దేశం. తర్వాత ఆ విమానాలను విదేశీ మార్గాలకు మళ్లించినది. అందులో ముందు 28 సీట్లు. ఒక్కొక్కటీ తలుపు గల చిన్న గది వంటిది. ఏ సీటు నుండైనా నేరుగా నడవలోకి రావచ్చును.

దేశీయ మార్గంలో ముందు తరగతి టిక్కెట్టు కొన్నవానికి ఒకనాడు వాలే కుర్చీ, మరొకనాడు పడక లభించినది. టిక్కెట్టు మీద రెండు రోజులూ 'బిజినెస్' అనే ఉన్నది. ఇప్పటివరకు చెప్పినదాన్ని కుదించి చెప్పాలంటే, దేశీయ విమానాలలో మూడు మెట్లు ఉన్నవి. ఎ.టి.ఆర్.లో ముందు తరగతే లేదు. ఒకే నడవ ఉన్న విమానంలో అది సాధారణంగా మంచి కుర్చీ. రెండు నడవల విమానంలో అది పడక. ఒకే మెట్టు మీదనున్న 737కు, ఎ-320కి భేదం అంగుళాలలో ఉన్నది. మెట్టుకూ మెట్టుకూ నడుమ భేదం వస్తువులోనే ఉన్నది.

డబ్బుతో కొనలేనివి

ఇంతవరకు సీటు సంగతి చూచాము. ప్రయాణికుని అలసటకు సీటు ఒక్కటే కారణం కాదు. గాలి, మోత, కుదుపు అనేవి కూడ ఉన్నవి. వీటిలో ముందు తరగతివాడు ఏమి కొనగలడు?

జెట్ విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగిరేటప్పుడు బయటి గాలి ఒత్తిడి నేల మీది ఒత్తిడిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే. ఆ గాలిలో మనిషి నిలువలేడు. అందుకే విమానం లోపల గాలిని నింపి ఒత్తిడి పెంచుతారు. అయినా దానిని నేల మట్టపు ఒత్తిడికి తీసుకొనిరారు. ఎక్కువ ఒత్తిడి నింపితే దేహం ఊదిన బుడగ వలె బిగుస్తుంది, దిగినప్పుడు సడలుతుంది. ఇట్లు వేలసార్లు బిగిసి సడలితే లోహం అలసి పగుళ్లు పడుతుంది. అందుచేత 737, ఎ-320 వంటి లోహపు విమానాలలో లోపలి గాలి గరిష్ఠంగా 8,000 అడుగుల కొండ మీది గాలితో సమానంగా ఉండేటట్లు ఏర్పాటు చేస్తారు. ఊటీ పట్టణం సుమారు 7,350 అడుగుల ఎత్తున ఉన్నది. అంటే ఊటీ కంటే కొంచెం పైన కూర్చున్నట్లు. బోయింగ్ 787, ఎ-350 విమానాల దేహాలలో కర్బన నార కలిపిన పదార్థం ప్రధానంగా ఉన్నది. అది లోహం వలె అలసిపోదు. కావున వాటిలో లోపలి గాలిని 6,000 అడుగుల స్థాయికి మించకుండ ఉంచగలుగుతున్నారు. తలనొప్పి, అలసట తగ్గడానికి ఇది తోడ్పడుతుంది.

ఇందులోని ధర్మం గమనించదగినది. 787లో చిట్టచివరి వరుసలో కూర్చున్న కూలీ పీల్చే గాలి, 737లో మొట్టమొదటి వరుసలో కూర్చున్న కోటీశ్వరుడు పీల్చే గాలి కంటే చిక్కన. ఒక విమానంలో గాలికి తరగతులు లేవు. నమాజు వరుసలో నవాబుకూ నౌకరుకూ భేదం లేనట్లు, ఈ విషయంలో అందరూ సమానులే. నిజాం ప్రభుత్వం భాగస్వామిగా 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ మన హైదరాబాదు నుండి డకోటా విమానాలు నడిపినది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. ఆ డకోటాలలో లోపల ఒత్తిడి పెంచే ఏర్పాటే లేదు. అందుచేత తక్కువ ఎత్తునే ఎగరవలసి వచ్చేది. ఎంతటి సంపన్నుడైనా బయట ఉన్న గాలినే పీల్చాడు, మేఘాల కుదుపులన్నీ తిన్నాడు.

మోత విషయంలో ముందు గదికి కొంత మేలు ఉన్నది. 737, ఎ-320లలో ఇంజన్లు రెక్కల కింద ఉండటం వలన వాటికి ముందు కూర్చున్నవారికి చప్పుడు తక్కువ. కాని కుదుపు విషయంలో మొదటి వరుస శ్రేష్ఠమైనది కాదు. విమానం రెక్కల వద్ద తక్కువగా, రెండు కొసలలో ఎక్కువగా ఊగుతుంది. ఊయల బల్లపై నడుమ కూర్చున్నవానికి, కొసన కూర్చున్నవానికి ఉన్న తేడా వంటిదే ఇది. కడుపులో తిప్పుతుందని భయపడేవారికి రెక్క మీది సాధారణ సీటు, ముందు గదిలోని ఖరీదైన సీటు కంటే మేలు.

ప్రయాణ కాలం

మంచి సీటు విలువ దానిలో గడిపే సమయాన్ని బట్టి ఉంటుంది. విమానం నేలపై కదిలేటప్పుడు, ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు సీటు వీపును నిటారుగా ఉంచాలన్నది నియమం. హైదరాబాదు నుండి ఢిల్లీకి పట్టే రెండుంపావు గంటలలో వీపు వాల్చగలిగినది సుమారు గంటన్నర. హైదరాబాదు నుండి విజయవాడకు అయితే అరగంట కూడ ఉండదు. అంత కొద్ది సమయానికి రెండింతలు, మూడింతలు వెచ్చించడం ఆరోగ్యవంతునికి అనవసరం. కాలు ముడవలేని రోగికి మాత్రం ఆ లెక్క వర్తించదు. అతనికి కావలసినది వాలే వీపు కాదు, చాపుకొనే చోటు. అది ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ కూడ కావాలి.

కొనే ముందు అడగవలసినవి

విద్యార్థి మిత్రులారా! ఈనాడు ఇంటిలో టిక్కెట్టు కొనే బాధ్యత సాధారణంగా మీదే. పెద్దలు డబ్బు ఇస్తారు, వివరాలు మీరు చూస్తారు. కావున కొన్ని విషయాలు జ్ఞాపకం ఉంచుకోండి.

టిక్కెట్టు వివరాలలో విమానం రకం గుర్తు రూపంలో ఉంటుంది. 320, 321 అని ఉంటే ఎయిర్‌బస్ కుటుంబం. 738 అంటే బోయింగ్ 737-800. ఏటీ7 అంటే ఎ.టి.ఆర్. 72. 788, 359 అంటే వరుసగా బోయింగ్ 787-8, ఎయిర్‌బస్ ఎ-350-900. దీనిని కొనే ముందు ఒకసారి, ప్రయాణానికి ముందురోజు మరొకసారి చూడండి. మారి ఉంటే అప్పుడే సంస్థవారితో మాట్లాడవచ్చును. విమానాశ్రయంలో నిలబడి వాదించడం కంటే అది సులభం.

ముందు తరగతిలో మొదటి వరుస కొనేటప్పుడు ఆలోచించండి. ఎదురుగా గోడ ఉండటం వలన చేతి సంచి కింద పెట్టుకోవడానికి వీలుండదు. భోజనపు బల్ల చేతి ఆనులోనే ఇమిడి ఉండటం వలన ఆ ఆనును పైకి ఎత్తలేము, సీటు కొంచెం ఇరుకు కూడ కావచ్చును. కాలు చాపవలసిన రోగికి ఒక్కొక్క విమానంలో రెండవ వరుస నడవ పక్క సీటే మేలు. చక్రాల కుర్చీ అవసరమైతే ముందుగానే తెలియజేయండి.

చివరిగా, హక్కు సంగతి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2023లో చేసిన నియమం ప్రకారం, కొన్న తరగతి నుండి ప్రయాణికుని ఇష్టం లేకుండ కింది తరగతికి మార్చితే, దేశీయ ప్రయాణంలో పన్నులతో సహా టిక్కెట్టు వెలలో 75 శాతం తిరిగి ఇవ్వాలి. ఈ సంగతి తెలియనివారు కౌంటరు వద్ద ఇచ్చినదే మహాప్రసాదమని పుచ్చుకొని వెళ్లిపోతున్నారు. చదువుకొన్నవాడు తన హక్కు తెలుసుకొని, పక్కనున్న వృద్ధునికి కూడ చెప్పగలగాలి.

మా అబ్బాజాన్ ఢిల్లీ నుండి తిరిగి వచ్చేటప్పుడు మేము పాఠం నేర్చినవాళ్ళం. ముందు తరగతి జోలికి పోలేదు. ఏ విమానమో కనుక్కొని, ఎ-320 అని రూఢి చేసుకొని, సాధారణ తరగతిలోనే ముందు గోడకు ఎదురుగా ఉన్న వరుసలో నడవ పక్క సీటు కొన్నాము. దానికి అదనంగా ఇచ్చినది కొద్ది మొత్తం. ఆయన కాలు తిన్నగా చాపుకొని, దారి పొడవునా మనుమరాలి నికాహ్ ముచ్చట్లు చెబుతూ వచ్చారు. శంషాబాదులో దిగిన తర్వాత ఇది ఏ క్లాసని అడిగారు. సాధారణ తరగతే అని చెప్పాను. ఆయన నమ్మలేదు.